గుండ్రం నేనే

తెల్లారుజామున నాలుగింటికి
నేను పిండి రుబ్బే యాళకి
వాళ్ళొచ్చినారు.
హెణ్ణూరు అవతల మా రేకుల సందులో జీపు పట్టదు.
మోరీ మీది బండలు బూట్లకింద గడగడమన్నాయి.

జాఫొరాలం ఇంట్లోంచి తీసిన సామాన్లు
టార్చిలైటు కింద ఒక్కొక్కటే రాసుకున్నారు.
రాగి తీగె రెండు కిలోలు.
బ్యాటరీలు గోనెసంచెడు.
గడియారాలు పద్నాలుగు, ఏ రెండూ ఒకే టైము చూపించనివి.
నోటుబుక్కు ఒకటి.
ఆఖర్న మనిషి.

వీన్ని ఎరుగుదువా అని కన్నడంలో అడిగినాడు పెద్దాయన.
నా చేతులకి మోచేతి దంకా పిండి.
"గొత్తిల్ల సార్" అన్నాను.
నా వెనక గ్రైండరు తిరుగుతానే ఉండాది,
ఉగాది ముందు కాలిపోతే
ఆయప్ప కాయిలు చుట్టిచ్చిన గ్రైండరు.

రెండు దినాలు ఆ మాట నా గొంతులో
నానని మినపగుండు మాదిరి.
టీవీలో ఆయప్ప మొగాన్ని ఎర్రటి గీతలో చుట్టి చూపిస్తాంటే
మావాడు చానలు మార్చినాడు.
మాది మడకశిర. మేమూ ఈ ఊరికి పరాయోళ్ళమే,
కాకుంటే మా పరాయితనానికి రేషన్ కార్డు ఉండాది.
ఆయప్పది ఏటి అవతల కాలిపోయిన ఊరు.

మూడోనాడు లాయరమ్మ నాగలాంబిక వచ్చి
ఫోన్లో నోటుబుక్కు పేజీలు చూపించింది.
బొమ్మలు, పక్కన అంకెలు, తారీకులు.
ఇవన్నీ గుర్తులు, ఎక్కడెక్కడ పెట్టాల్నో రాసుకున్నాడు
అంటున్నారమ్మా పోలీసోళ్ళు, అనింది.
మొదటి పేజీలో గుండ్రం, దాన్లో ఇంకో గుండ్రం,
పక్కన నూటెనబై.

నవ్వొచ్చింది. మధ్యలోనే ఆగిపోయింది.
అది దోసె.
ఆయప్పకి మా పేర్లు రాయను రాదు,
మా పనులు రాసుకున్నాడు.

నలభై ఇండ్లలో స్టేషనుకి పోయింది పదకొండు మందిమి.
రామక్కను వాకిట్లోనే ఆపినాడు కొడుకు:
"ఆధారు నెంబరు రాసుకుంటారు, పిచ్చా నీకు?"
తప్పనలేను. రెండు దినాలు నేనూ వాని మాదిరే ఉంటిని.

మూడు చక్రాలు ఎవరన్నాడు ఎస్సై.
కెంపణ్ణ లేచినాడు, "నాన్ సార్, ఆటో, హారను రిపేరు."
చేపముల్లు సెల్వి.
టోపీ, వాచ్‌మెన్ లోక్ బహాదూర్.
కత్తెర దగ్గర వేలు ఆపి
"ఇది ఆయుధమేనా?" అన్నాడు.
"జాకెట్లు కుడతాను సార్, దస్తగిరి.
ఇస్తిరిపెట్టెకి నూర్రూపాయలు బాకీ."

"గుండ్రం నేనే" అన్నాను.
తలెత్తి చూసినాడు.
"మొన్న తెలీదంటివే?"
"మొన్న అబద్ధం చెప్పినా సార్.
అది గూడా రాసుకోండి."

కడపటి పేజీలో పడవ.
అంకె లేదు, తారీకు లేదు.
కింద నాలుగు గీతలు, ఒకటి కొట్టేసింది.
ఇది ఎవరన్నాడు.
మా సందులో యాడిది పడవ?
ఒకరి మొగాలొకరం చూసుకున్నాము.
అప్పుడు వెనకనుంచి షొంషిదా వచ్చింది,
చంకలో చిన్నది, కొంగు పట్టుకోని పెద్దది.
కొట్టేసిన గీత మీద వేలు పెట్టి
తీయలేదు.
ఆమె భాష ఎవురికీ రాదు.
ఎస్సై పెన్ను మూత పెట్టుకున్నాడు.

ఆ చట్టంలో బెయిలు అంత సులభం కాదంట.
పోయిన నెల వాయిదా, ఈ నెలా వాయిదా.
జడ్జీ లీవులో ఉండారంట.
కెంపణ్ణ తన బాకీ షొంషిదా చేతిలో పెట్టినాడు,
సెల్వి చేపలే ఇస్తాంది,
దస్తగిరి ఇంకా ఇయ్యలేదు, ఇస్తాడు.
షొంషిదా నా దగ్గర పప్పు కడుగుతాంది.
నీళ్ళను నేను "నీళ్ళు" అంటాను, ఆమె "ఫానీ" అంటాది,
ఇద్దరం ఒకే బిందె ముంచుతాము.

పద్నాలుగు గడియారాలు స్టేషను గదిలో
ఏమేం టైములు చూపిస్తాండాయో.

గ్రైండరు బెల్టు మళ్ళా జారుతాంది.
మెయిన్ రోడ్డులో షాపుంది, మావాడు తీసకపోతానన్నాడు.
వద్దన్నాను.
కట్టెపేడు అడ్డం పెట్టి
రుబ్బుకుంటాండాను.