జత కలవని లేసులు

లియేజ్‌లో ఆ నవంబరు ఆదివారం
వాన పడుతోందనే అందరికీ చెబుతాను.
నిజానికి గుర్తులేదు.
తడిసిన ఉన్నికోటు వాసన మాత్రం పోలేదు.

పాత పుస్తకాల కొట్టు వెనకగదిలో
ఓడిలాన్ వాట్‌లే,
నిమ్మచెక్కతో వేళ్ళ సిరా రుద్దుకుంటున్నాడు.
పదకొండేళ్ళుగా నేను గీతగీతా చదువుకున్న మనిషి.

అడగాల్సినవి చీటీ మీద రాసుకెళ్ళాను:
ఆ దీపస్తంభం కాపలావాడు
ఎప్పుడూ అటు తిరిగే ఎందుకుంటాడు?
అంత సముద్రాన్ని ఆరు గీతల్లో ఎలా పట్టారు?

నోరు పెగల్లేదు.
"మీ బొమ్మలంటే..." దగ్గరే ఆగిపోయాను.
ఆయన మోకాళ్ళ నొప్పి చెప్పాడు,
కాగితం ధర చెప్పాడు, ఇంట్లో మెట్లెన్నో చెప్పాడు.
నా మొహం చూడనే లేదు.
వంచిన తల ఎత్తకుండా
"ఒక లేసు ఎరుపు, ఒకటి గోధుమరంగు. ఎందుకూ?"
ట్రామ్ షెడ్డులో తెగింది, దొరికింది కట్టుకున్నా అన్నాను.
"ఊఁ."
సంతకం వంకరగా పెట్టాడు.
నా పేరు గిలేన్. అందులో పలకని అక్షరం ఒకటుంది,
ఆయన రాయనూ లేదు.

ఇంటిదాకా నన్ను నేనే తిట్టుకుంటూ నడిచాను.

ఆయన చివరి పుస్తకం, ముప్ఫై ఎనిమిదో పేజీ.
రేవులో జనం, గొడుగులు, చేపలబుట్టలు.
కింద మూలన ఎవరివో కాళ్ళు, మోకాళ్ళదాకానే.
రంగులు వాడడు కదా,
ఒక లేసు నల్లగా నింపాడు,
రెండోది తెల్లగా వదిలేశాడు.

నేనేనని ఎవరికీ చెప్పలేదు.
ఏ కొట్టులో ఆ పుస్తకం కనబడినా
ఆ పేజీ తీస్తాను,
ఇంకా నడుస్తున్నానో లేదో చూసి
పెట్టేస్తాను.