భూమ్మీద ఎక్కడైనా

గడువు సెప్టెంబరు పదిహేను, రాత్రి పదకొండు యాభై తొమ్మిది,
భూమ్మీద ఎక్కడైనా, అని రాసి ఉంది.
ఎక్కడైనా అంటే
మనుషుల్లేని ఏదో దీవి పక్కన
తేదీ ఆఖరిగా మారే నీళ్ళ దగ్గర అన్నమాట.
ఫర్హానా వేళ్ళ మీద లెక్కగట్టింది:
మనకి పదహారు సాయంత్రం, ఐదు ఇరవై తొమ్మిది.
అప్పటికి మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర బస్సులు గుమిగూడతాయి,
మా మేడ కింద పునుగుల మూకుడు పొయ్యెక్కుతుంది.
అయినా లోకంలో ఒకచోట ఇంకా నిన్నే.
ఆ నిన్నలో మేం ఆరు పేజీలు రాయాలి.

బోర్డు మీద మూడు సదస్సులు.
పెద్దది, నడిపిది, కొసది.
పెద్దది మన మొహం చూడదు, అన్నాడు జోషువా.
నడిపిదాని రుసుము నాలుగు మోటార్ల ఖరీదు.
కొసది ఒక్కపూట సభ,
రోబోని నీళ్ళతొట్టిలో వదిలి చూపించొచ్చు, కానీ
ఆ తొట్టి దాకా వెళ్ళడానికి వీసా.
పెద్దదాన్నుంచి నడిపిదానికి ఒక బాణం గీశాను,
నడిపిదాన్నుంచి కొసదానికి ఇంకోటి.
కాదనిపించుకోవడానికి కూడా క్యాలెండరు ఉండాలి.

మా సాఫ్ట్‌వేరు పేరు తెడ్డు.
ఎవరిదీ కాదు, పట్టుకున్నవాళ్ళది.
పట్టుకున్నవాళ్ళు నూట పదమూడు మంది.
ఒకావిడ ఆరేళ్ళు రాసింది.
ఒకాయన ఒక్క కామా దిద్ది వెళ్ళిపోయాడు.
ఆ కామా లేకపోతే మా రోబో
ఓడ అడుగు వదిలేసి రేవు గోడని తనిఖీ చేసేది.
ఒకరి పేరు ఉప్పుచేప_27, అంతే.
అర్ధరాత్రి దాటాక ఒక తప్పు సరిచేసి
‘ఇప్పుడు చూడండి’ అని రాసేవాడు.
లేదా రాసేది.
రచయితల వరసలో ఎన్నో పేరుగా పెట్టాలి, చెప్పండి.

ఎల్లాజీ ఒక్క వాక్యం రాయలేదు.
జెట్టీ మీద కూచుని, వల బాగుచేసుకుంటూ,
మా యంత్రం దారి తప్పడం నాలుగు రోజులు చూశాడు.
ఐదోరోజు నోరు విప్పాడు.
‘అడుగున నీరు ఒకపక్కకి పోతాది, పైన నీరు ఒకపక్కకి.
మీ పెట్టికి తెల్దేటి?’
తెలీదు. పెట్టికే కాదు.
మూడో విభాగంలో రెండో సమీకరణం ఆ మాటే.
అందులో రెండు గ్రీకు అక్షరాలున్నాయి,
ఎల్లాజీ లేడు.

పైగా నియమం: మీరెవరో మాకు తెలియకూడదు.
పేర్లు తియ్యండి, ఊరు తియ్యండి, లింకు తియ్యండి.
ఆరేళ్ళుగా తలుపుల్లేకుండా ఉంచిన ఇంటికి
ఒక్క రాత్రిలో తాళంకప్ప ఎక్కడ వెతకను?
విశాఖ ఫిషింగ్ హార్బర్ అన్నచోట ‘ఒక రేవు’ అన్నాను.
ఫొటోలో డాల్ఫిన్స్ నోస్ కనిపిస్తోందని
కొండని అంచుదాకా కత్తిరించాను.
ఇంత సులువుగా తెగుతుందనుకోలేదు.
ఫొటో మూల నీలం చొక్కా చెయ్యి ఒకటి మిగిలింది
తాడు పట్టుకుని.
చేతికి పేరుండదులే అని వదిలేశాను.

ఐదు ఇరవై ఒకటికి ఎక్కించాం.
అందింది, అని జవాబు, ఒక అంకె.
జోషువా బల్ల మీదే తలపెట్టి నిద్రపోయాడు.
ఐదు ఇరవై తొమ్మిది దాటింది,
భూమ్మీద ఎక్కడా నిన్న మిగల్లేదు.

చీకటి పడుతుంటే హార్బరుకి వెళ్ళాను.
‘నీ ఇంటిపేరేంటి, ఎల్లాజీ?’
‘దేనికమ్మా, లోనా?’
‘కాదు. ఒప్పుకుంటే కృతజ్ఞతల్లో రాస్తాం.’
‘ఎప్పుడు చెప్తారు వోళ్ళు?’
మూడు నెలలు పడుతుందన్నాను.
చేతిలో దారం ఆపి నవ్వాడు.
‘మూడు నెల్లకి నీరు ఇటుది అటు తిరిగిపోతాది.
మీరు రాసింది ఈ నీరు.’

ఇంటిపేరు చెప్పనేలేదు.
తడి గట్టు మీద లాప్‌టాప్ తెరిచి
తెడ్డులో కొత్త లోపం నమోదు చేశాను:
నీరు తిరుగుతుంది. మనకి తెలీదు.
చెప్పినవారు, అన్న గడిలో
ఎల్లాజీ అని కొట్టి,
దాచమన్నవాళ్ళు ఎవరూ లేరు కదా అని
పక్కన ఊరిపేరు కూడా పెట్టాను.