నొక్కు, పట్టుకో, వదులు

టోల్మిన్ వంతెన దగ్గర ఎర్ర దీపం పడింది.
క్లచ్ నొక్కాను. లీవర్ ఎదురు చెప్పలేదు,
పాలు పితికేసిన పొదుగులా
మెత్తగా వచ్చి హ్యాండిల్‌కి ఆనుకుంది.
బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.
వెనక రొట్టెల వ్యాను హారన్.

ఇంటిదాకా నాలుగు కిలోమీటర్లు
క్లచ్ లేకుండానే గేర్లు మార్చుకుంటూ
ఆగాల్సిన చోటల్లా ఆగకుండా వచ్చాను.

నేను పశువుల డాక్టర్ని.
నోరులేని వాటికి నొప్పెక్కడో
తడిమి తెలుసుకోవడమే నా బతుకుదెరువు.
మెకానిక్ దగ్గరికి పోవడానికి మనసొప్పలేదు.

ముందు పైడబ్బా మూత. నూనె సగానికి దిగింది,
కాచి మరిచిపోయిన కాఫీ రంగులో.
లీవర్ కింద వేలు పెట్టి చూశాను: పొడి.
గొట్టం పొడవునా గుడ్డతో తుడిచాను: పొడి.
గబగబా పదిసార్లు నొక్కితే కాస్త బిగువు,
ఊపిరి తీసుకునేలోగా మళ్ళీ నీరు.
ఎక్కడికి పోతోంది మరి?

చైను పళ్ళచక్రం మీది మూత విప్పాను.
గ్రీజూ ఇసుకా కలిసిన నల్లటి ముద్దలో
నత్త నడిచినంత సన్నటి తడి దారి.
మూడు బోల్టులు.
కింది సిలిండర్ అరచేతిలోకొచ్చింది, అక్రోటు కాయంత.
స్ప్రింగు పిస్టన్‌ని బయటికి తన్నింది.
దాని మెడలో రబ్బరు ఉంగరం
ఉబ్బి, ఒరిసి, అంచు పీలికలై ఉంది.

వాపు సంగతి నాకు తెలుసు.
తినకూడనిది తిన్న గొడ్డు అలాగే ఉబ్బుతుంది.
పైమూత తిరగేసి గోటితో మకిలి గీకాను.
ఖనిజ తైలం మాత్రమే అని అచ్చుపోసి ఉంది.
డబ్బాలోది వాసన చూశాను.
బ్రేకుల నూనె.

ఎవరు పోశారో అడగక్కర్లేదు.
సీసా నా అలమరలోనే ఉంది,
మూత మీద నా బొటనవేలి ముద్రతో.

మొన్న మంగళవారమే ఇజిడోర్‌ని
కొట్టంలో నిలబెట్టి ఉతికి ఆరేశాను.
తడి క్లోవర్ గడ్డి మేపుతావా,
కళ్ళెక్కడ పెట్టుకున్నావు, అని.
ఆయన టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

సీళ్ళు గ్రాజ్ నుంచి తొమ్మిది రోజులకొచ్చాయి.
గొట్టం కడిగి ఆరబెట్టాను.
కొత్త నూనె లేత నీలం, పాపం ఎరగనట్టు.

పైవాటా లుద్వికని పిలిచాను.
నలభై ఏళ్ళు చర్చిలో ఆర్గన్ వాయించిన చెయ్యి.
బండెక్కడం మహాపాపమంటుంది గానీ
రబ్బరు చెప్పుల్తోనే దిగొచ్చింది.

నొక్కు. పట్టుకో.
నేను కింద నిప్పిల్ పావుచుట్టు వదులు చేస్తాను,
బుస్సుమంటుంది, బిగిస్తాను.
వదులు.
నొక్కు. పట్టుకో.
వదులు.
నొక్కు.
అరగంటైంది. లీవర్‌లో ఇంకా దూదే.

"గాలి పైకి పోయే జాతి," అంది లుద్విక.
"నువ్వేమో దాని మెడబట్టి కిందికి గెంటుతున్నావు."

అంతేగా!
నా సంచిలోంచి, ఇంకా విప్పని ప్యాకెట్‌లో,
ఆవు నోట్లో మందు పోసే పెద్ద సిరంజి తీశాను.
నింపి, అలవాటుగా గోటితో మీటి
అందులో బుడగని వదిలించి
కిందనుంచి ఎక్కించాను. నెమ్మదిగా.
ఆమె డబ్బా మీదికి కళ్ళద్దాలు వంచి
జపమాల తిప్పినట్టు లెక్కపెట్టింది.
పద్నాలుగు పెద్దవి, ఆవగింజలంతవి లెక్కలేనన్ని.
ఆపైన ఏమీ రాలేదు.
ఆమెకి నమ్మకం కుదరలేదు. చెంచాతో గొట్టాన్ని తట్టుకుంటూ,
చెవి ఆనించి, వంపు దగ్గర ఆగింది.
"ఇక్కడ శ్రుతి తేడా."
మళ్ళీ తట్టింది. అదీ తేలింది.

లీవర్ నొక్కాను. సగం కూడా రాకుండానే
అటువైపు నుంచి ఎవరో కరచాలనం చేసినట్టు.
మొదటి గేరు. చప్పుడు లేదు.
న్యూట్రల్. ఆకుపచ్చ దీపం.

లుద్విక నా చొక్కాకే చేతులు తుడుచుకుని
వంతెన దాకా తిప్పుతావా అంది.
మహాపాపం కదా అన్నాను.
"మెల్లగా పోతే చిన్నదే."

దారిలోనే ఇజిడోర్ ఇల్లు.
ఇప్పుడు అక్కడ ఆగగలను.