నాలుగున్నర కిలోలు

మే నెల. పిల్లలు లేరు.
చుట్టుగుంట దగ్గర ఆ కాలేజీ మూడో అంతస్తులో
సీలింగు పలక జరిపి తల లోపలికి పెట్టాను.
రేకు గొట్టం.
నా భుజాలకి కొలిచి కుట్టినట్టున్న చీకటి.

టార్చి వేస్తే
ఏడేళ్ళ గాలి కనబడింది,
బూడిదరంగు దూదిలా పొర మీద పొర.
సుద్దపొడి, వెంట్రుకలు, ఒక పావురం ఈక,
ఎవరో జాలీ సందులోంచి దూర్చిన బబుల్‌గమ్ కాగితం.
అన్నిటి అడుగునా సన్నగా, ఎర్రగా
ఇంకేదో.

కింద నిచ్చెన పట్టుకున్న నాగుల్ మీరా
"ఏందన్నా, ఏముంది?" అన్నాడు.
చెప్పబోయి తుమ్మాను.
పదకొండు తుమ్ములు. వాడు లెక్కపెట్టాడు.
ఒక్కో తుమ్మూ గొట్టం వెంట
అన్ని క్లాసురూములూ తిరిగొచ్చింది.

ఆయా సువార్తమ్మ వచ్చి
బ్రష్షు కొసనుంచి చిటికెడు తీసి వాసన చూసింది.
ఇరవై ఏళ్ళు యార్డులో తొడాలు తీసిన ముక్కు అది.
"తేజా కాదు. తాలు.
తాలు కాయ పొడే ఇట్టా తేలిగ్గా లేచుద్ది."
తర్వాత బ్రష్షుతో చెప్పినట్టు:
"అందుకా, మధ్యాహ్నం లెక్కల క్లాసులో
పిల్లల కళ్ళు ఎర్రగుండేయి."

రాత్రుళ్ళు ఫోన్లు చూసే కళ్ళని
ప్రిన్సిపాల్ గారు గోడకి నోటీసు అంటించారప్పుడు.
ఇంకా ఉంది. దాని మీదా దుమ్మే.
మనసు రోడ్డు మీదికి పోద్దని
కిటికీలకి మేకులు కొట్టించిందీ ఆయనే.
చెడ్డమనిషేం కాదు. మాకు మజ్జిగ పంపించాడు.

రెండు రోజులు తోమాం.
మోచేతులు చెక్కుకుపోయాయి.
వచ్చిందంతా గోతాంలో పోసి, బిల్లు కోసం,
ఎదురు కొట్టు కాటా మీద పెడితే
నాలుగున్నర కిలోలు.
కొట్టాయన నవ్వాడు: "ఏం రేటుకిస్తావ్?"

నాకు నవ్వు రాలేదు.
ఇది గొట్టంలో ఆగింది.
ఆగకుండా పోయింది ఎంతో
ఏ కాటా చెబుద్ది?

సాయంత్రం మోటారు వేశాం.
సువార్తమ్మ పాత చీర అంచు చించి
జాలీకి ముడేసింది.
పేలిక కాసేపు ఊరుకుంది.
మెల్లగా కొస ఎత్తింది. ఇక ఆగలేదు.

ఆమె ముందు బెంచీలో కూచుని
చాలాసేపు దాన్నే చూసింది.
పైట సర్దుకుని లేస్తూ
"మేకులు పీకే సుత్తి ఉందా అబ్బాయ్
మీ సంచిలో?" అంది.