మచ్చు

ఏడు వందల డెబ్భై ఒకటి.
జనవరిలో నా అంకె అది.
బండి వాయిదా, ఫ్రిజ్ వాయిదా, దుకాణం అప్పు
ఒక్క తేదీ దాటనివ్వకుండా కట్టి
పన్నెండేళ్లు పోగేసుకున్నది.

వంశధార ఎగువన మూడు సెంట్ల జాగా.
రెండు గదులూ ఒక వంటిల్లూ చాలన్నాను.
మెట్లు బయటినుంచి వెయ్యమంది దమయంతి,
రేపు పైన ఇంకో వాటా లేపితే
అద్దెకిచ్చుకోవచ్చని.

ఎవరు పావు శాతం తక్కువకిస్తారో చూద్దామని
గుణుపూర్‌లో రెండు బ్యాంకుల మెట్లెక్కాను.
రాయగడ బస్సెక్కి మూడోది.
నాలుగోవాడు బండి మీద తనే ఇంటికొచ్చి
టీ తాగి, ఆధార్ ఫోటో తీసుకుపోయాడు.
ఐదోది గుర్తు లేదు.
ఫోన్లో ఎక్కడో వేలు తగిలింది.

తిరిగి మొదటి బ్యాంకుకే వెళ్తే
పాణిగ్రాహి బాబు కళ్లజోడు పైకి తోసి
"టికే కొమిగొలా, ఆగ్యా" అన్నాడు.
ఏడు వందల నలభై ఆరు.
ఒక్క రూపాయి పుచ్చుకోలేదు, ఏల తగ్గినాది?
"అడిగారు కదా" అన్నాడు, ఈసారి తెలుగులో.
"నెల తిరక్కుండా ఐదు చోట్ల అడిగారు.
ఇంతమందిని అడిగేవాడికి
ఆకలెక్కువ అనుకుంటుంది మిషను."
యాభై దాటితే ఒక రేటు, దాటకపోతే ఇంకొకటి.
ఏ పావు శాతం దించుకుందామని ఊళ్లు తిరిగానో
అదే ఎక్కి కూర్చుంది నా మీద.

మన అంకె మనం చూసుకుంటే ఏమీ కాదట.
ఇచ్చేవాడు చూస్తేనే తరుగుతుందట.
"దిష్టే మరి" అంది దమయంతి.
ఫోనుకి ఉప్పూ మిరపకాయలూ తిప్పుతుందేమో అనుకున్నాను.
తిప్పలేదు. ఇంటి ప్లాను మడిచి
బియ్యం డబ్బా కింద పెట్టి పడుకుంది.

నాకు నిద్ర పట్టక
సంత గుర్తొచ్చింది.
కొండ దిగొచ్చిన కంధ ఆడవాళ్లు
చింతపండు బుట్ట కొట్టు కొట్టుకీ దించేవారు.
ప్రతి షావుకారూ మచ్చు అని ఒక గుప్పెడు తీసి
పులుపు చూసి, గింజ చూసి, పెదవి విరిచి
ధర మాత్రం చెప్పేవాడు.
గుప్పెడు తిరిగి వేసేవాడు కాదు.
నాలుగు కొట్లు దాటేసరికి
బుట్ట అంచు దిగిపోయేది.
"ఇంతేనా తెచ్చావు?" అనేవాడు ఐదోవాడు.

ఐదోవాడు మా నాన్న, పొట్నూరు కూర్మయ్య.

సింగారి కడ్రక అని ఒకావిడ
ఓ సంతనాడు బుట్ట దించకుండా నిలబడి
మా కొట్టు వెనక మచ్చు కుప్పని చూసింది.
ఆ కుప్ప పక్కన గింజలు ఏరుతూ నేను,
ఎనిమిదేళ్లవాణ్ణి.
ఏమీ అనలేదు. చూసింది, అంతే.
సాయంత్రానికి ఆ కుప్ప మణుగు తూగేది.
నా కొత్త చెప్పులు దాంట్లోవే.

"ఆర్నెల్లు ఎవర్నీ అడక్కండి,
అంకె దానంతటదే లేస్తుంది"
అన్నాడు పాణిగ్రాహి బాబు.
సరే. ఇటుకల వాడికి ఫోన్ చేసి ఆగమన్నాను.
వానలకి జాగాలో తుప్పలు లేస్తాయి, లేవనీ.

సింగారి బుట్ట మళ్లీ ఎన్నాళ్లకి నిండిందో
పెట్టెలోంచి నాన్న చిట్టాలన్నీ తీసి వెతికాను.
కొన్నది రాసుకున్నాడు, అమ్మింది రాసుకున్నాడు.
మచ్చుకి పద్దు లేదు.