అతివేగం

కొటొనూ పోలీసు ఠాణా వెనక ఇసుకలో
బళ్లని పడుకోబెట్టి ఉంచుతారు.
నెలకోసారి వెళ్లి
తూకానికి కొనుక్కొస్తాను.
చచ్చిన బండిని చదవడం
ఈ ఊళ్లో నాకొక్కడికే వచ్చునని
హువేఫా ఎగతాళి. నా భార్యలెండి.

నిజమే, చదువుతాను.
హ్యాండిల్ ఎడమకి మెలిపడితే
చివరి క్షణంలో దేన్నో తప్పించబోయాడు.
మేకనో, పిల్లనో, మూతలేని మురుగుగుంటనో.
వెనక చక్రం నుగ్గయి
ముందుభాగం పెళ్లికొడుకులా మెరుస్తుంటే
వెనకాల లారీవాడు నిద్రలో ఉన్నాడు.
ట్యాంకు పక్కన లోతుగా దిగిన సొట్ట,
అది మోకాలు.
సుత్తితో దాన్ని సరిచేసిన రోజు
రాత్రంతా నా మోకాలు సలుపుతుంది.

ట్యాంకు మీద చిన్న దిండు కట్టి ఉంటే మాత్రం
ఆ బండి కొనను.
ఎంత తగ్గించి ఇచ్చినా కొనను.

హర్మటాన్ గాలి వీచే నెలల్లో
ఎడారి దుమ్ము ఊరిమీద గంజిలా కమ్ముకుంటుంది.
వెనక దీపం లేని దుంగల లారీ
ఆ గంజిలో కలిసిపోయి ఆగి ఉంటుంది.
అప్పుడొచ్చే బళ్ల టైర్ల మీద
బ్రేకు తొక్కిన గుర్తే ఉండదు.

హెల్మెట్లది వేరే కుప్ప.
కోడి ధరకి బజార్లో దొరికే రకం
కోడిగుడ్డులాగే పగిలింది.
ఇంకొకటి చెక్కుచెదరలేదు.
మోచేతికి తగిలించుకున్నాడు.
మోచెయ్యి కూడా చెక్కుచెదరలేదట.

పసుపు చొక్కా, దానిమీద నంబరు.
అద్దెబండికి ఇక్కడి పేరు జెమిజాన్.
నన్ను గబగబా తీసుకుపో, అని మా మాటల్లో.
ఎక్కినవాడూ అదే అంటాడు,
సాయంత్రానికి కిస్తీ అడిగే బండి యజమానీ అదే అంటాడు,
ఇంట్లో జ్వరంతో పడుకున్న బిడ్డ
ఏమీ అనకుండానే అదే అంటుంది.

రిపోర్టులో మాత్రం
అందరికీ ఒకటే మాట రాస్తాడు రైటరు అగోసా:
అతివేగం.
పద్నాలుగు గంటలు బండి దిగక
కళ్లు తెరిచే నిద్రపోయినవాడికి, అతివేగం.
రోడ్డు పక్కన ఆగి
సీసాతో పెట్రోలు పోయించుకుంటున్నవాడికి కూడా
అతివేగం.

ఓడలో వచ్చిన పాత సామాన్ల పెట్టెలో
ఒకసారి ఒక అద్దం దొరికింది.
పగుళ్ల సందుల్లో ఎండిన ఎరుపు.
వెనక వియత్నాం స్టిక్కరు:
నాకు తెలిసిన అక్షరాలే,
నెత్తిన తెలియని గుర్తులతో.
అక్కడా ఒక రైటరు ఉండే ఉంటాడు.
అతనికీ ఒక మాట చాలి ఉంటుంది.

సెజ్రో సంగతి చెప్పలేదు కదూ.

బుధవారం వచ్చాడు. ముందు బ్రేకు కేబులు తెగింది.
కొత్తది రెండువేల ఫ్రాంకులు.
జేబులో ఆరొందలు.
"తీగ చుట్టు అన్నా, శుక్రవారం మారుద్దాం."
చుట్టాను. రాగి తీగ, మూడు చుట్లు,
పట్టకారుతో బిగించాను.
నొక్కి చూశాను. పడింది.
నిదానంగా పో, అన్నాను.
ఆ మాట బేరానికి పనికిరాదని నవ్వాడు.

గురువారం బండి ఠాణా వెనక ఉంది.

లివరు హ్యాండిల్‌కి అతుక్కుపోయింది.
అంటే పూర్తిగా నొక్కాడు.
నన్ను నమ్మి నొక్కాడు.
రెండు చుట్లు విప్పుకున్నాయి.
మూడోది ఇంకా పట్టుకునే ఉంది.

రైటరు కలం మూత తీశాడు.
"మెకానిక్‌వి కదా, నువ్వేమంటావు?"

నేనేమన్నానో
రిపోర్టులో ఉంది.

ఆ బండిని విడదియ్యలేదు.
కొత్త కేబులు వేసి
షెడ్డు మూల నిలబెట్టాను.
అటు వెళ్లినప్పుడల్లా లివరు నొక్కి చూస్తాను.
పడుతుంది.
ఎన్నిసార్లు నొక్కినా
పడుతుంది.