గౌరవ

విట్బీ రేవులో, చేపలూ చిప్సూ అమ్మే కొట్లో
కవరు నా ముందుకు తోశాడు సూరాడ దానయ్య.
"నువ్వు సదువు. కళ్లద్దాలు బోటులో ఉండిపోనాయి."

చదివాను.
పదిహేడేళ్లు రక్షక పడవ మీద చేసిన సేవకు
రాజుగారు పతకం ఇస్తారట.
కాకపోతే నీది మూడు సింహాల పాస్‌పోర్టు
(వాళ్ల ఫుట్‌బాల్ చొక్కా మీదా మూడే అనుకో)
కనుక పెద్ద జాబితాలో పేరుండదు,
పతకం ముందు ఒక మాట తగిలిస్తారు.

పక్క బల్ల దగ్గర కోలిన్, టీ కలుపుతూనే అన్నాడు:
"మన పతకాలు మనవాళ్లకే చాలడం లేదు."
నేను లేవబోయాను.
దానయ్య నా మోచెయ్యి పట్టుకుని
మన మాటలో మెల్లిగా:
"ఆడి బాబు ఈ నీళ్లలోనే పోనాడు.
ఆడికేటిచ్చినారు?"

చిప్సు చల్లారాయి.

"ఇంతకీ ఆ తగిలించే మాటేటి?"
తెలుగులో వెతికితే ఒక్కటే దొరికింది:
గౌరవ.
గ్రంథాలయ సంఘానికి గౌరవ అధ్యక్షుడున్నట్టు
గౌరవ పతకం.
పొలమారేదాకా నవ్వాడు.
"అయితే మిగతావోళ్లయి గౌరవం లేనియా?"

అంతలో నడుముకున్న పేజర్ కూసింది.
జాకెట్టు ఒక చేతికే తొడుక్కుని
తలుపు తోసుకుంటూ పరుగు.

కోలిన్ ఇటు వంగి
ఉత్తరం మీది వెనిగర్ చుక్కని
చొక్కా చేత్తో అద్దాడు.
చదవలేదు. చదివాడేమో.

సిఫారసు కాగితం నింపింది నేనేనని
దానయ్యకి ఇంకా చెప్పలేదు.
జాతీయత గడి దగ్గర
నా కలం చాలాసేపు
ఆగిందని కూడా.